భంగార్‌వాలా వద్దన్న సరుకు



రేపు పొద్దున బడికి 'బెస్ట్ అవుటాఫ్ వేస్ట్' ప్రాజెక్టు తీసుకెళ్ళాలి అని పిల్లవాడు రాత్రి తొమ్మిది గంటలకి చల్లగా చెబుతాడు. ఇక ఇంట్లో హడావుడి మొదలు. నాన్న బండి తీసి స్టేషనరీ షాపు మూసేలోపు వెళ్ళి మెరుపుల జిగురు, రంగుల చార్టు, థర్మోకోల్ షీటు, ఐస్‌క్రీమ్ పుల్లల కొత్త ప్యాకెట్టు పట్టుకొస్తాడు. అమ్మ అర్ధరాత్రి దాకా కూర్చుని ఒక పూలకుండీయో, పెన్నుల స్టాండో తయారు చేస్తుంది. ప్రాజెక్టు చేయాల్సిన మనిషి అప్పటికే గాఢ నిద్రలో ఉంటాడు. మర్నాడు మార్కులు పడతాయి. వారం తిరిగేసరికి ఆ పూలకుండీ చెత్తబుట్టకి చేరుతుంది. లెక్క చూస్తే ఇంట్లో ఉన్న చెత్త ఎక్కడిదక్కడే ఉంది, పైగా డబ్బు పోసి కొన్న కొత్త చెత్త వచ్చి కలిసింది. అన్నట్టు, అలంకరణకి వాడే థర్మోకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అది దొరకదని మాత్రం అనుకోకండి, అడిగితే లోపల్నుంచి తీసి ఇస్తారు.

ఇంట్లో మిగిలిపోయిన వస్తువులతో పిల్లలు బొమ్మలు, ఆటవస్తువులు చేసుకోవడం గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం. నేను ఉండేది సూరత్‌లో, ఖటోదరా ప్రాంతంలో. కాబట్టి ఈ ఊరి సరుకు గురించే ఎక్కువ చెబుతాను. హైదరాబాదులోనో, సిరిసిల్లలోనో, మంగళగిరిలోనో వింటున్నవాళ్ళు మీ ఊరి సరుకు పేర్లు పెట్టుకుని వినండి.

సూరత్ మ్యాపు తీసి చూస్తే ఊరి మధ్యలోనే, మజూరా గేటుకీ ఉధ్నా దర్వాజాకీ దక్షిణంగా ఖటోదరా కనిపిస్తుంది. పాత పారిశ్రామిక వాడ. గుడ్డకి సంబంధించిన చిన్న చిన్న కార్ఖానాలు, మిషన్ల రిపేరు షెడ్లు, గోడౌన్లు, వాటి మధ్యలో ఇళ్ళు. కాస్త ముందుకెళితే ఉధ్నా-మగ్దల్లా రోడ్డు, దాని మీద సోస్యో సర్కిల్. సోస్యో అంటే ఇక్కడి కూల్‌డ్రింకు, 1923 నుంచీ ఉంది. సూరత్ వాళ్ళకి దాని మీద ఉన్న అభిమానం అంతా ఇంతా కాదు. ఇక మనవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గం పట్టుకునే వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వైపు తరాలుగా ఉన్నాయి. మార్కండేయుడి ఊరేగింపులు ఉన్నాయి, బతుకమ్మ ఆటలు ఉన్నాయి. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మీడియం బడులూ ఉన్నాయి.

ఇలాంటి ఊళ్ళో కూర్చుని 'పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయండి' అని చెప్పడం ఎంత కష్టమో వినండి. ఇక్కడ పనికిరాని వస్తువంటూ ఏదీ దొరకదు. నూలు చుట్టి వచ్చే పేపర్ ట్యూబులు ఖాళీ అయితే వాటిని లెక్కపెట్టి కొనేవాడు వేరే ఉన్నాడు. చీర కత్తిరించగా మిగిలే చిందీ కిలోల్లెక్కన అమ్ముడుపోతుంది. పాత పేపరుకి రేటు, అట్టపెట్టెకి రేటు, ఇనుముకి రేటు, నీళ్ళ సీసాకి రేటు. పాత సామాను కొనే భంగార్‌వాలా తోపుడు బండితో పొద్దున్నే అరుస్తూ తిరుగుతాడు. ఒకసారి ఒక కార్ఖానా షెడ్డు మూల పడి ఉన్న ట్యూబులు నాలుగు తీసుకుంటుంటే అక్కడి లూము నడిపే పెద్దమనిషి, "గవి ముట్టకు బిడ్డా, సేటు లెక్క అడుగుతడు," అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది? పది రూపాయలు వచ్చే వస్తువుని పిల్లల ఆటకి ఇమ్మని బీదింటి తల్లిని అడగడం న్యాయం కాదు.

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. భంగార్‌వాలా తీసుకునేవన్నీ భంగార్‌వాలాకే. ఆయన చూసి, తిప్పి చూసి, వద్దని వెనక్కి ఇచ్చేవి పిల్లలవి. ఏం వద్దంటాడో చూడండి. తడిసి ఉబ్బిన అట్ట, సొట్టపోయి చిరిగిన ట్యూబు, గుప్పెడంటే గుప్పెడు ఉండే చిందీ ముక్కలు, లూము అంచున కత్తిరించి పడేసే దారపు కుచ్చులు, సోడా మూతలు, అయిపోయిన స్కెచ్ పెన్ను, పెళ్ళి శుభలేఖలు, చీర మడత మధ్యలో పెట్టే అట్టముక్క, తెగిన చెప్పు రబ్బరు, ఊడిన గుండీలు. సైకిల్ ట్యూబు ముక్కలూ, విరిగిన చీపురు పుల్లలూ సరేసరి. ఈ ఊళ్ళో రోజూ ఇంత అందమైన సరుకు ఏ ధరా లేకుండా చెత్తబండి ఎక్కుతోంది.

చెత్తబండి అన్నాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న వార్త పుట్టి, లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. మనవాళ్ళూ మూటాముల్లె సర్దుకుని రైలెక్కారు. మురికికి మారుపేరుగా ఉన్న ఆ ఊరిని మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు, అదే ఎస్.ఆర్. రావు గారు, రెండేళ్ళలో గుర్తుపట్టలేనంతగా మార్చారు. 1998లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందోరుతో కలిసి దేశంలో మొదటి స్థానం పంచుకుంది. ఇక్కడ పిల్లలు తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడం అక్షరాలకంటే ముందే నేర్చుకుంటున్నారు. మంచిదే. అయితే ఆ రెండు డబ్బాల పక్కన ఇంట్లో మూడో పెట్టె ఒకటి ఉండాలని నేనంటాను. అట్టపెట్టె చాలు. పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టాలి, వాళ్ళదే అని చెప్పాలి. ఊడ్చేటప్పుడు దాని జోలికి పోకూడదు.

ఇక ఏం చేయాలి అన్న ప్రశ్న. నా మట్టుకు నాకు, గోడకి తగిలించే బొమ్మ కంటే చేతిలో తిరిగే బొమ్మ మేలు. కదలాలి, మోగాలి, జారాలి, ఎగరాలి. చేసిన బొమ్మ సాయంత్రానికి విరిగిపోతే ఇంకా మంచిది, ఎందుకు విరిగిందో వాడే చూస్తాడు.

సోడా మూత సంగతే తీసుకోండి. మన ఊళ్ళల్లో మూతని రాయితో కొట్టి చదును చేసి, మేకుతో దగ్గర దగ్గరగా రెండు బొక్కలు పెట్టి, దారం గుచ్చి ముడేసి, రెండు చేతుల వేళ్ళకి తగిలించుకుని తిప్పి లాగేవాళ్ళం. గిర్రుమని శబ్దం చేస్తూ తిరిగేది. లాగితే ఒకవైపు, వదిలితే మరోవైపు. మూత అంచు కోసుకుంటుంది కాబట్టి చిన్నపిల్లలకి మూత వద్దు, కోటు గుండీ ఇవ్వండి. లేదా శుభలేఖ అట్టని గుండ్రంగా కత్తిరించి మూడు నాలుగు పొరలు అతికించి ఇవ్వండి. బొక్కలు సరిగ్గా నడిమధ్యకి అటూ ఇటూ సమానంగా ఉండాలి. ఒక పక్కకి జరిగాయంటే బిళ్ళ వణుకుతుంది, దారం వేళ్ళని కోస్తుంది. ఆ వణుకు చూసి పిల్లలు తమంతట తాము కొత్త బిళ్ళ కత్తిరించుకుంటారు. కేంద్రం ఎక్కడుందో వెతుక్కోవడం జామెట్రీ పుస్తకం తెరవకముందే వచ్చేస్తుంది.

ఈ ఆట చాలా పాతది, వేల ఏళ్ళ నాటిది. మన దేశంలో పుట్టి, ఐ.ఐ.టి. కాన్పూర్‌లో చదివి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మను ప్రకాశ్ అనే శాస్త్రవేత్త, తన బృందంతో కలిసి ఈ గిర్రుబిళ్ళ ఎలా తిరుగుతుందో లెక్కలు కట్టి చూశాడు. కాగితం బిళ్ళలు, దారం, చేతిపిడులు పెట్టి 2017లో ఒక పరికరం తయారుచేసి చూపించారు. కరెంటు అక్కర్లేదు. నిమిషానికి 1,25,000 చుట్ల దాకా తిరిగింది. వేలిని గుచ్చి తీసిన రక్తపు బొట్టుని సన్నటి గొట్టంలో పెట్టి తిప్పితే నిమిషంన్నరలో ప్లాస్మా విడిపోయింది. ఖర్చు అమెరికా లెక్కలో 20 సెంట్లు. ఆస్పత్రుల్లో ఇదే పని చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రానికి కరెంటూ కావాలి, బోలెడు డబ్బూ కావాలి. కరెంటు లేని ఊళ్ళలో మలేరియా పరీక్షకి పనికొస్తుందని ఆయన ఆలోచన. మీ అబ్బాయి గుండీకి దారం కట్టి గిర్రుగిర్రుమనిపిస్తుంటే, చెవులు పోతున్నాయిరా అని కసిరేముందు ఈ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోండి.

చెత్తలోంచి ఆటవస్తువులు అనగానే మన దేశంలో మొదట గుర్తొచ్చే మనిషి అరవింద్ గుప్తా. ఆయనా ఐ.ఐ.టి. కాన్పూర్‌వాడే. పుణెలో టెల్కో కంపెనీలో ఇంజనీరుగా ఉండి, 1978లో ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు కార్యక్రమానికి వెళ్ళాడు. పల్లెటూరి బళ్ళలో పిల్లల చేత ప్రయోగాలు చేయించే కార్యక్రమం అది. అక్కడి సంతలో సైకిల్ వాల్వులో పెట్టే సన్న రబ్బరు గొట్టం ఆయన కంటపడింది. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, అగ్గిపుల్లల కొసలు అందులో దూర్చి చూశాడు. త్రిభుజం వచ్చింది, చతురస్రం వచ్చింది, ఇల్లు వచ్చింది. చతురస్రాన్ని వేలితో నొక్కితే ఒరిగిపోతుంది, త్రిభుజం ఒరగదు. వంతెనలకీ, కరెంటు టవర్లకీ త్రిభుజాలెందుకో ఏ మాస్టారూ బోర్డు మీద ఇంత తేలిగ్గా చెప్పలేడు. ఆ తరువాత ఆయన వందల బొమ్మలు కనిపెట్టి, పుస్తకాలు రాసి, వాటిని ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బొమ్మల్లో చాలావాటికి కావలసింది పాత వార్తాపత్రిక, స్ట్రా, సైకిల్ ట్యూబు, ఓపిక.

గుజరాత్‌కి ఈ విషయంలో తనదైన చరిత్ర ఉంది. గిజుభాయి బధేకా అని ఒక వకీలు ఉండేవారు. వకాల్తా వదిలేసి 1920లో భావనగర్‌లో పసిపిల్లల బడి పెట్టారు. మాంటిస్సోరి పద్ధతి తీసుకుని, దాన్ని ఇక్కడి కథలతో, పాటలతో, ఆటలతో నింపారు. పిల్లల మీద ఆయన ప్రేమ చూసి జనం 'మీసాల అమ్మ' అని పిలుచుకునేవారు. ఇక అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో సుదర్శన్ ఖన్నా గారు. తిరునాళ్ళలో, వీధుల్లో బొమ్మలు చేసి అమ్ముకునే వాళ్ళ పనితనం మీద ఆయన ఏళ్ళ తరబడి పనిచేసి పుస్తకాలు రాశారు. వెదురు, మట్టి, కాగితం, రేకుముక్కతో ఆ బొమ్మలు చేసే మనుషులకి డిజైనర్ అన్న పేరు ఎవరూ ఇవ్వలేదు. ఖన్నా గారు వాళ్ళని డిజైనర్లుగానే చూశారు. తాటికాయల బండి, జొన్నబెండు ఎద్దులు, కొబ్బరాకు బూర చేసిన మన పల్లె పిల్లలకీ ఆ గౌరవం దక్కాల్సిందే.

మళ్ళీ ఖటోదరా సరుకు దగ్గరికి వద్దాం. సూరత్ గుడ్డ చాలావరకు పాలియెస్టర్. చూడ్డానికి మెరుస్తుంది, చేతిలో జారుతుంది. కాగితానికి వేసే జిగురు దీనికి పట్టదు. కత్తిరిస్తే అంచు పోగులు పోగులుగా లేస్తుంది. మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది కాబట్టి పిల్లలున్నచోట దీపం, అగరుబత్తి దగ్గర పెట్టకండి. ఈ గుడ్డతో బొమ్మ చేయాలంటే జిగురూ వద్దు, సూదీ వద్దు. ముడి ఒక్కటే దారి. జానెడు చదరపు ముక్క తీసుకోండి. మధ్యలో చిన్న చిందీలు ఉండచుట్టి పెట్టి, గుడ్డ కిందికి దించి మెడ దగ్గర దారంతో బిగించండి. తల వచ్చింది. ఇంకో పొడుగు ముక్కని చాపలా చుట్టి, మెడ కింద అడ్డంగా పెట్టి, గుండె మీద కత్తెర వేసినట్టు దారం తిప్పి కట్టండి. చేతులు వచ్చాయి. మిగిలిన గుడ్డ వదులుగా ఉంటే లంగా, రెండుగా చీల్చి కడితే కాళ్ళు. లూము అంచు కుచ్చులున్నాయని చెప్పానే, అవి తలకి చుడితే ఊదారంగు జడలు, పచ్చటి జడలు. అంగడిలో దొరికే బొమ్మలన్నింటికీ ఒకే తెల్లమొహం, ఒకే పసుపు జుట్టు. ఇక్కడ ప్రతి బొమ్మదీ ఆ వారం ఏ చీర నడిచిందో ఆ రంగు. పేకముడి వేయడం మన ఇళ్ళల్లో పిల్లలకి పుట్టుకతో వచ్చిన విద్య. ఏడేళ్ళ పిల్ల తెగిన పోగుని రెండు వేళ్ళతో అతికినట్టు ముడివేసే తీరు చూస్తే నాలాంటి వాళ్ళం సిగ్గుపడాలి.

అక్కడే ఒక చిక్కు ఉంది. దాన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు. ఈ గల్లీల్లో చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇంటిపట్టునే చీరల పని చేస్తారు. ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తిరించడం, రాళ్ళు అంటించడం, లేసు కుట్టడం. చీరకి ఇంత అని కూలి. బడినుంచి వచ్చిన పిల్ల కూడా అమ్మ పక్కన కత్తెర పట్టుకుని కూర్చుంటుంది. బొమ్మలు చేద్దాం రమ్మని పిలిస్తే ఒక తల్లి మొహమాటం లేకుండా అడిగింది: "అక్కా, దారాలు కత్తిరిస్తే నాలుగు పైసలొస్తయి. మీ బొమ్మలు చేస్తే ఏమొస్తది?" ఆమె ప్రశ్నకి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. చట్టం ఉంది నిజమే. 2016 సవరణ ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి వేళలు అయ్యాక సొంత కుటుంబం పనిలో, ప్రమాదం లేనిదైతే, సాయపడనిచ్చారు. ఆ సందులోనే ఈ కత్తెరలన్నీ నడుస్తున్నాయి.

నేను చెప్పగలిగింది ఒక్కటే. దారం కత్తిరించేటప్పుడు ఎక్కడ కత్తిరించాలో చీర చెబుతుంది, ఎన్ని కత్తిరించాలో సేటు చెబుతాడు. బొమ్మ చేసేటప్పుడు తలకాయ ఎంతుండాలో, జడలు ఎన్నుండాలో ఆ పిల్లే చెబుతుంది. రోజంతా ఇతరులు చెప్పింది చేసే పిల్లకి ఒక గంట తను చెప్పింది తాను చేసుకునే వీలుండాలి. అంతకుమించి ఈ బొమ్మల్లో లాభం వెతకొద్దని నా మనవి. కొన్నిచోట్ల పిల్లలు చేసిన బొమ్మల్ని స్టాలు పెట్టి అమ్ముతున్నారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ రేటు కట్టిన మర్నాటి నుంచి పది బొమ్మలూ ఒక్కలాగే ఉండాలంటారు. అది ఇంకో కార్ఖానా.

కొంచెం తేలిక విషయానికి వద్దాం. అగ్గిపెట్టెల టెలిఫోను తెలియని తెలుగువాళ్ళు ఉండరు. ఇప్పుడు టీ తాగి పారేసే కాగితం కప్పులు దానికి బాగా పనికొస్తాయి. ఇక్కడి పిల్లలు లూము దారంతో ఆ ఫోను చేశారు. ఒక్క మాట వినపడలేదు. బిగించి లాగారు, సాగింది తప్ప వినపడలేదు. సూరత్‌లో వాడే పాలియెస్టర్ దారంలో చాలా రకాలకి స్ప్రింగులాంటి ముడతలు వేసి సాగేలా చేస్తారు. గొంతు కదలికని ఆ సాగుడు మింగేస్తుంది. దుకాణంలో కుట్టుపనికి అమ్మే నూలుదారం కట్టగానే ఈ కొసన గుసగుసలాడితే ఆ కొసన వినపడింది. ఒకడు మధ్యలో వేలితో దారం పట్టుకుంటే మాట టక్కున ఆగిపోయింది. ఇక ఆ సాయంత్రమంతా ఫోను మాట్లాడటం మానేసి, పట్టుకోవడం, వదలడం, పట్టుకోవడం, వదలడం. వాళ్ళ నాన్నలు పదేళ్ళుగా నడుపుతున్న దారానికి ఈ గుణం ఉందని వాళ్ళ నాన్నలకీ కొత్తే.

సొట్టపోయిన పేపర్ ట్యూబులు దొరికితే పొడుగ్గా నిలువునా చీల్చమని పెద్దవాళ్ళకి చెప్పండి. గట్టిగా ఉంటాయి, హాక్‌సా బ్లేడు కావాలి, అది పిల్లల పని కాదు. చీలిన సగాలు కాలువల్లా ఉంటాయి. వాటిని గోడకో, పాత తలుపుకో ఏటవాలుగా ఒకదాని కింద ఒకటి టేపుతో అంటించి పైనుంచి గోలీ వదిలితే జారుకుంటూ కిందికి వస్తుంది. ఎక్కడ దాటి పడిందో అక్కడ వాలు మార్చాలి. నలుగురు పిల్లలు దీనితో మధ్యాహ్నం మొత్తం గడిపేస్తారు. ఫోను అడగరు. నమ్మకం లేకపోతే చేసి చూడండి.

తోలుబొమ్మలాటకి ఖర్చే లేదు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా సంతోషించాం. ఆ పనితనం మనకెక్కడిది గానీ, నీడ అందరికీ ఉచితమే కదా. శుభలేఖ అట్టలో ఏనుగుని కత్తిరించి, చీపురుపుల్ల అంటించి, సూరత్‌లో అద్దకానికి వెళ్ళకముందు ఉండే గ్రే గుడ్డ ముక్క ఒకటి తలుపుకి కట్టి, వెనక సెల్‌ఫోను లైటు పెట్టండి. లైటు దగ్గరికి తెస్తే ఏనుగు గుడ్డంతా నిండుతుంది, దూరం జరిపితే పిల్లి అంత అవుతుంది. కథ వాళ్ళే చెబుతారు. తెలుగు, హిందీ, గుజరాతీ కలిపి చెబుతారు. దిద్దకండి.

జిగురు కొనాలా అని అడుగుతారు. అక్కర్లేదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు మాస్కులు చేసేది రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతోనే. ఊరినుంచి గింజ తియ్యని చింతపండు వస్తే గింజలు దాచండి. వేయించి పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, నీళ్ళతో ఉడికిస్తే అట్టలు అతికే జిగురు తయారు. అంత ఓపిక లేకపోతే మైదా గంజి కాచండి. మన అమ్మమ్మలు చినిగిన కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి, బోర్లించిన బిందె మీద పూసి ఎండబెట్టి తట్టలు చేసేవాళ్ళు. మెంతుల వాసనకి పురుగు పట్టదు. పాత వార్తాపత్రికలు భంగార్‌వాలాకి పోతాయి కదా, ఆయన వద్దన్న తడిసిన కాగితాలే దీనికి శ్రేష్ఠం.

కొన్నిటిని మాత్రం ఆ మూడో పెట్టెలోకి రానివ్వకండి. అయిపోయిన బ్యాటరీలు వద్దు. గడియారంలో వేసే బిళ్ళ బ్యాటరీలు మరీ ప్రమాదం, మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పగిలిన ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది. రంగుల డబ్బాలు, రసాయనాలు వచ్చిన డ్రమ్ములు, మందుల సీసాలు, సూదులు వద్దు. సూరత్ వాళ్ళకి ఇంకొకటి చెప్పాలి. జనవరి 14న గాలిపటాల పండుగ ఉత్తరాయణ్ అయ్యాక ఊరంతా చెట్లకీ వైర్లకీ మాంజా వేలాడుతుంటుంది. రంగురంగుల దారం ఊరికే దొరికిందని పిల్లలు ఏరుకొస్తారు. అందులో గాజుపొడి ఉంటుంది. నైలాన్ మాంజానయితే 2017లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా నిషేధించింది, అయినా కనపడుతూనే ఉంటుంది. దాన్ని చేత్తో లాగనివ్వకుండా పొడుగు కర్రకి చుట్టించి, ముక్కలుగా కత్తిరించి చెత్తబండికి ఇవ్వండి. పక్షుల కాళ్ళకీ అదే చుట్టుకుంటుంది.

రేడియోలో పిల్లల కబురు చెబుతూ న్యాయపతి రాఘవరావు గారిని, కామేశ్వరి గారిని తలుచుకోకుండా ఉండలేను. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టిన రేడియో అన్నయ్య, అక్కయ్య వాళ్ళిద్దరూ. పిల్లల కార్యక్రమంలో పిల్లలే మాట్లాడాలని మైకు ముందుకి పిల్లల్నే తెచ్చారు. తడబడితే తడబడనిచ్చారు. చేతిపని విషయంలో కూడా అమ్మానాన్నలూ టీచర్లూ చేయాల్సింది అదే. బండి చక్రం వంకరగా ఉంటే ఉండనివ్వండి. మీ చెయ్యి పడిన క్షణం నుంచి అది మీ బండి. బళ్ళో మార్కులేసేవాళ్ళకి నాదో విన్నపం. మరీ నున్నగా, మరీ అందంగా ఉన్న ప్రాజెక్టు వస్తే, ఇది ఎలా చేశావో విప్పి మళ్ళీ కట్టి చూపించు అని అడగండి. అక్కడే తేలిపోతుంది.

చివరిగా కార్ఖానాల యజమానులకి, గోడౌన్లవాళ్ళకి ఒక మాట. ఇటలీలో రెజియో ఎమీలియా అని ఒక ఊరుంది. పసిపిల్లల బడులకి పేరుపడ్డ ఊరు. అక్కడ 1996లో రెమీదా అని ఒక కేంద్రం తెరిచారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు పారేసే శుభ్రమైన తుక్కు, అంటే కాగితం, అట్ట, గుడ్డ, చెక్క, ప్లాస్టిక్ ముక్కలు, అన్నీ అక్కడికి చేరతాయి. రకాలవారీగా అరల్లో పెడతారు. టీచర్లు వచ్చి తమ బడికి కావలసినవి తీసుకుపోతారు. అలాంటి కేంద్రానికి ఖటోదరా కంటే తగిన చోటు ఈ దేశంలో నాకు తోచదు. సరుకు ఇక్కడే ఉంది, మునిసిపల్ బడులు నడిచే దూరంలో ఉన్నాయి, పిల్లలు ఎదురుగా ఉన్నారు. పెద్ద కేంద్రం, భవనం, ప్రారంభోత్సవం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ షెడ్డులో నెలకొక సంచి పక్కన పెట్టండి. నూనె అంటనివి, రంగు వదలనివి, మొన తేలనివి అందులో వేయించండి. నెలాఖరున దాన్ని దగ్గర్లోని మునిసిపల్ బడికి, ఏ మీడియం అయినా సరే, మీ టెంపోలోనే దింపించండి.